తుంటి కీలు మార్చిన పిదప

పాతబస్తీ నుండి నయాపూలు మీదుగా మూసీని దాటితే అఫ్జల్‌గంజ్ వస్తుంది. పూర్వము అక్కడి ఆసుపత్రిలో డాక్టరు లారీ క్లోరోఫారముతో మత్తు ఇచ్చి శస్త్రచికిత్సలు చేసేవారు. ఆ మందును పరీక్షించుటకు 1888లోను, 1889లోను హైదరాబాదులో రెండు సంఘములు ఏర్పడినవి. రెండవ దానికై లండను నుండి బ్రంటన్ అనే వైద్యుని రప్పించారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ధనమిచ్చారు. క్లోరోఫారము ముందు శ్వాసను ఆపునే గాని గుండెను నేరుగా ఆపదని వారు తేల్చారు. 1911లో లెవీ అనే పరిశోధకుడు ఆ మాట సరికాదని చూపాడు. రోగి శ్వాసను కనిపెట్టి ఉండవలెనన్న లారీ ఉపదేశము మాత్రము నేటికీ నిలిచి ఉన్నది.

తుంటి కీలు మార్చే చికిత్సలోను ఇట్లే కొన్ని అలవాట్లు నిలిచాయి, కొన్ని పోయాయి. 1962లో ఇంగ్లండులో చార్న్‌లీ ఈ చికిత్సకు నేటి రూపమిచ్చిన కాలమున రోగిని చాల రోజులు మంచము మీదనే ఉంచేవారు. నేడు వీలైనంత వరకు ఆ రోజుననే, లేదా మరునాడే, వాకరు పట్టించి నిలబెడుతున్నారు. ఇది తొందరపాటని బంధువులు కోపగించుట కద్దు. కాని కదలని కాలిలో రక్తము మందగించి గడ్డ కట్టవచ్చును. అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయము. పడుకొన్న పెద్దవారికి ఊపిరితిత్తులలో నెమ్ము చేరుట, కండలు క్షీణించుట కూడ త్వరగా జరుగుతాయి.

నడవాలంటే నొప్పి అదుపులో ఉండవలెను గదా! ఓర్చుకొనుట గొప్ప అనుకొనక, వైద్యుడు చెప్పిన వేళకు మందు పుచ్చుకోవలెను.

అర్ధరాత్రి నుండి మంచినీరైనా ముట్టరాదన్న పాత నియమము కూడ సడలింది. సాధారణముగా మత్తుకు 6 గంటల ముందు వరకు తేలిక ఆహారము, 2 గంటల ముందు వరకు మంచినీరు ఇవ్వవచ్చునని 2020 నాటి అంతర్జాతీయ సూచనలు చెబుతున్నాయి. ఇరానీ చాయ్ మంచినీటి లెక్కలోనికి రాదు, అందులో పాలున్నాయి గనుక. మధుమేహము వంటివి ఉన్నవారు మత్తువైద్యుని అడిగి తెలుసుకోవలెను.

గడ్డ కట్టకుండ ఇచ్చే మందుల విషయము ఇంకను తేలుతున్నది. ఆస్ట్రేలియాలో జరిపి 2022లో ప్రకటించిన పరీక్షలో తుంటి, మోకాలు కీళ్లు మార్చుకొన్నవారిలో గడ్డలు ఆస్పిరిను వాడినవారిలో నూటికి 3.45, ఎనాక్సాపారిను సూది వేయించుకొన్నవారిలో 1.82 చొప్పున కనబడినవి. కాబట్టి ఇంటికి వచ్చిన తరువాత ఆ మందును మన ఇష్టమున మానరాదు.

పాతబస్తీ ఇండ్లలో చిక్కు ఇంటి కట్టడిలోనే ఉన్నది. నేల మీద భోజనము, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి, ఎత్తైన గడప, ఇరుకు మెట్లు! కొత్త కీలు తొలగునను భయముతో లోగడ విధించిన కట్టుబాట్లు అందరికీ అంతగా అవసరము లేదని ఇటీవలి పరిశోధనలు చూపుతున్నా, తుంటిని బాగా వంచే పనులకు మాత్రము మీ శస్త్రవైద్యుని అనుమతి కావలెను. కుర్చీమీద నమాజు, ఎత్తు పెంచిన కమోడు, జారే తివాచీని తీసివేయుట: ఇవి చికిత్సకు ముందే చేయదగిన పనులు. మెట్లు ఎక్కునప్పుడు మంచి కాలు ముందు, దిగునప్పుడు శస్త్రచికిత్స జరిగిన కాలు ముందు పెట్టవలెను. దీనిని ఆసుపత్రిలోనే నాలుగుసార్లు చేయించి చూడమని అడగండి.