ఒంటి మీద ఊరి చరిత్ర

పక్కపక్కనే రెండు నలుపు తెలుపు ఫొటోలు. మొదటిదాంట్లో ఆసుపత్రి గౌనులో ఉన్న ఒక స్త్రీ వీపు, దాని మీదికి జారిన పరీక్ష తీగలు. రెండోదాంట్లో సగం కూల్చిన ఆసుపత్రి, దాని గోడల్లోంచి వేలాడుతున్న తీగలు. ఒకదాని వెంట ఒకటి చూస్తే, జబ్బు పడింది మనిషా, ఊరా అన్న సందేహం వస్తుంది. 2011 నాటి ఈ జంట ఫొటోల్లోని స్త్రీ, వాటిని తీసిన లటోయా రూబీ ఫ్రేజియర్‌కు కన్నతల్లి. ఆసుపత్రి వాళ్ల ఊరిదే.

ఆ ఊరు అమెరికాలో పిట్స్‌బర్గ్ పక్కనున్న బ్రాడక్. ఆండ్రూ కార్నెగీ ఉక్కు మిల్లు 1875లో అక్కడే మొదలైంది. ఉక్కు పరిశ్రమ చితికిపోయాక, పోగలిగినవాళ్లు శివారు కాలనీలకు పోయారు. ఇంటి అప్పుల్లోనూ వర్ణవివక్షే కాబట్టి నల్లజాతి కుటుంబాలు చాలావరకు అక్కడే చిక్కుకుపోయాయి. మిల్లు పొగ వాళ్ల వాటాకు వచ్చింది. 2010లో ఆసుపత్రీ మూతపడింది. ఊరి ఘనచరిత్ర చెప్పేవాళ్లు కార్నెగీని తలుచుకున్నంతగా ఈ కుటుంబాలను తలుచుకోలేదు. అమ్మమ్మ, అమ్మ, తాను అనే మూడు తరాలను ఫ్రేజియర్ 2001 నుంచి పన్నెండేళ్లకు పైగా ఫొటోలు తీసింది ఆ లోటు పూడ్చడానికే. అవే 2014లో ‘ది నోషన్ ఆఫ్ ఫ్యామిలీ’ పుస్తకమయ్యాయి.

పేదల ఫొటోలు తీసినవాళ్లు ఆమెకు ముందూ ఉన్నారు. 1936లో డొరొతియా లాంగ్ తీసిన ‘మైగ్రెంట్ మదర్’ లోకమంతా తిరిగింది. అందులోని తల్లి పేరు మాత్రం నలభై ఏళ్లు దాటేదాకా లోకానికి తెలియలేదు. ఫ్రేజియర్ ఈ పద్ధతిని తిరగేశారు. తనూ ఫొటోలోకి వచ్చారు, కెమెరాను అమ్మ చేతికీ ఇచ్చారు. 2008 నాటి ఒక చిత్రంలో పక్కకు తిరిగిన అమ్మ ముఖం, ఎదురుగా చూస్తున్న కూతురి ముఖాన్ని సగం కప్పేస్తుంది. ఎవరిని ఎవరు చూపిస్తున్నారో విడదీసి చెప్పలేం.

బయటి ఊళ్లకు వెళ్లినా ఆమె తీరు మారలేదు. ఖర్చు తగ్గించుకోవడానికి 2014లో నీటి వనరు మార్చిన ఫ్లింట్ నగరంలో కుళాయి నీళ్లలో సీసం కలిసింది. 2016లో వెళ్లిన ఫ్రేజియర్ అక్కడి ఒక కుటుంబంతో ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. 2019లో, గాలిలోని తేమను మంచినీళ్లుగా మార్చే యంత్రాన్ని ఆ ఊరికి తెప్పించడంలో చెయ్యి కలిపారు. ఆ నీళ్లు పట్టుకోవడానికి వచ్చినవాళ్ల ఫొటోలు కూడా తీశారు.