కూడలిలో తప్పెవరిది?

ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో పద్దులు చూస్తున్నవాణ్ణి. లెక్కలో తేడా వస్తే ఎక్కడ వచ్చిందో పట్టుకోవడమే నా ఉద్యోగం. అటువంటి నేను 2022లో ఒక లెక్క తప్పు వేశాను. అది బ్యాంకులో కాదు, బెంగళూరు జయనగర్‌లో, నడిరోడ్డు మీద.

ఆదివారం ఉదయం నేనూ, మా ఆవిడా కారులో కూరగాయలకు బయలుదేరాం. సిగ్నలు లేని ఒక కూడలిలో నా ఎడమవైపు నుంచి ఒక కుర్రవాడు స్కూటరు మీద వచ్చాడు. నా కారు ముందు భాగం స్కూటరు మధ్యలో తగిలింది. అతను కింద పడ్డాడు. ఎడమచేతి మణికట్టు విరిగింది.

నిమిషంలో జనం పోగయ్యారు. పెద్ద బండి వాడిదే తప్పని తీర్పు చెప్పేశారు. నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే నిబంధన నాకు తెలుసు. రెండు రోడ్లలో ఏదీ ప్రధాన రహదారిగా గుర్తించింది కానప్పుడు, మన కుడివైపు నుంచి వచ్చే బండికి మనం దారి ఇవ్వాలి. అతనికి కుడివైపున ఉన్నది నేను. కాబట్టి తప్పు అతనిదే. లెక్క సరిపోయిందనుకున్నాను.

కుర్రవాణ్ణి మా కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. కాసేపటికి అతని తండ్రి వచ్చారు. కోలారు వైపు మనిషి, ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను నిబంధన వివరిస్తుంటే ఓపికగా విన్నారు.

"మా వాడు చూడకుండా వచ్చినాడు సార్, కాదనను. అయితే మీరు అక్కడ స్లో చేసినారా?" అన్నారు.

మా ఆవిడ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. నేను స్లో చేయలేదు.

ఇంటికొచ్చి నిబంధనలు మొదటినుంచీ చదివాను. 1989 నాటి నిబంధనల్లోనూ, వాటి స్థానంలో 2017లో వచ్చిన వాటిలోనూ ఒక సంగతి ఉంది. కూడలి దగ్గరకు వచ్చే ప్రతివాడూ వేగం తగ్గించాలి; ఎవరికీ ప్రమాదం లేదని చూసుకున్నాకే ముందుకు పోవాలి. కుడివైపు వాడికి దీనినుంచి మినహాయింపు లేదు. నేను నాకు జమపడే వరస చదివి, ఖర్చు పడే వరస వదిలేశాను.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లు కూడా "తప్పెవరిది?" అని అడిగి ఊరుకోవు, "ఎవరిది ఎంత?" అని చూస్తాయి. బండి పెద్దదా చిన్నదా అన్నదొక్కటే సాక్ష్యం కాదు. దెబ్బ ఏ భాగానికి తగిలింది, బ్రేకు గీతలు ఎక్కడ పడ్డాయి, పంచనామా ఏం చెబుతోంది, చూసినవాళ్లేమంటున్నారు, ఈ రోజుల్లోనైతే కెమెరాలో ఏముంది, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. లక్ష రూపాయల నష్టమైతే, దెబ్బ తిన్నవాడి తప్పు 30 శాతమని తేలితే అతనికి వచ్చేది 70 వేలు. వెనుక కూర్చున్నవాడి సంగతి వేరు. తన తప్పేమీ లేకుండా రెండు బళ్ల తప్పువల్ల అతనికి దెబ్బ తగిలితే, మొత్తం పరిహారం ఏ ఒక్క పక్షం నుంచైనా రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది.

మర్నాడు పోలీసు స్టేషనులో వాంగ్మూలం ఇవ్వాలి. "అబ్బాయి చూడకుండా అడ్డంగా వచ్చాడు" అని రాశాను. అది నిజమే. కాసేపు కలం ఆపాను. కేసు నా మీదకు వస్తుందేమోనన్న భయం లేకపోలేదు. చివరికి "నేను కూడా వేగం తగ్గించలేదు" అన్న వాక్యం చేర్చి సంతకం పెట్టాను. బీమా కంపెనీకీ అదే రాసిచ్చాను. ఆ తరువాత లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. కుర్రవాడి వంతు తప్పుకు కొంత తగ్గించి, మిగతాది బీమా కంపెనీ చెల్లించింది. చెయ్యి బాగయ్యాక అతను తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్లాడు.

మన పిల్లలు లైసెన్సు తీసుకునేటప్పుడు ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో కంఠస్థం చేస్తారు. దానికంటే ముందు బ్రేకు మీద కాలు పెట్టడం నేర్పండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇప్పటికీ కూడలి కనబడగానే మా ఆవిడ "క్రాసు వస్తోందండీ" అంటుంది. నాకు కోపం రావడం లేదు.