గీతకి ఇటు కోచ్, అటు ఆటగాళ్ళు

మార్చి నెలలో అమెరికాలో కొడుకింటికో కూతురింటికో వెళ్ళివచ్చిన వాళ్ళని అడిగి చూడండి. సాయంత్రమయ్యేసరికి అల్లుడుగారు టీవీ ముందునుంచి కదలరనీ, భోజనానికి పిలిచినా పలకరనీ చెబుతారు. ఆ రోజుల్లో అక్కడ కాలేజీల మధ్య బాస్కెట్‌బాల్ పోటీలు జరుగుతాయి. మగపిల్లలకి వేరే, ఆడపిల్లలకి వేరే. ఒక్కో పోటీలో 68 జట్లు. ఒక్కసారి ఓడితే ఇంటిదారి పట్టడమే.

అటు అయిదుగురూ ఇటు అయిదుగురూ పరుగులు పెట్టడం మనకీ అర్థమవుతుంది. అర్థంకానిదల్లా గీత బయట నిలబడి చేతులూపుతూ అరిచే ఆ పెద్దమనిషి సంగతే. బంతి ముట్టుకోడు. ఒక్క పాయింటూ వెయ్యడు. గెలిస్తే మాత్రం సగం పేరు ఆయనదే! ఆయనకి ఆటలో పనేమిటో ఇవాళ కాస్త మాట్లాడుకుందాం.

ఈ ఆట పుట్టినప్పుడు కోచ్‌కి పెద్ద చోటేమీ లేదండీ. 1891 డిసెంబరులో, మాసచూసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికాలం కుర్రాళ్ళకి నాలుగు గోడల మధ్య ఆడుకోడానికి ఏదైనా కావాలని జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు పీచ్‌పళ్ళ బుట్టలు కట్టించి దీన్ని మొదలుపెట్టాడు. కొద్ది రోజులకే స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే టీచరు ఆడపిల్లలచేత కూడా ఆడించింది. అలిసిపోతారని కోర్టుని మూడు భాగాలు చేసి, ఎవరి భాగం వాళ్ళు దాటకూడదంది. 1893లో వాళ్ళు ఆడిన పోటీ చూడ్డానికి మగవాళ్ళని రానివ్వనేలేదు! నైస్మిత్‌గారు ఆ తరవాత కాన్సాస్ యూనివర్సిటీ జట్టుకి కోచ్‌గా ఉన్నారు. గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. ఆట కనిపెట్టడం వేరు, నేర్పడం వేరు కాబోలు.

ఇంకో విచిత్రం. 1940ల చివరి దాకా టైమౌట్‌లో కూడా కోచ్ తన ఆటగాళ్ళతో మాట్లాడకూడదన్నది నియమం. పరీక్ష హాల్లో మేష్టారు జవాబు చెప్పకూడదు చూడండి, అలాగన్నమాట. తరవాత ఆ నియమం సడలించారు. అప్పటినుంచి కోచ్ గీత దగ్గరికి వచ్చాడు.

మరి ఇప్పుడెవరి పని ఏది? పెళ్ళివారింట్లో వడ్డన అనుకోండి. ఏం వండాలి, ఏ పంక్తిలో ఎవరు వడ్డించాలి అన్నది పెద్దావిడ ముందురోజే తేల్చేస్తుంది. కాని ఎవరి విస్తట్లో పులుసు అయిపోయిందో, ఎవరు మొహమాటపడుతున్నారో చూసుకోవాల్సింది వడ్డించేవాళ్ళే. గుమ్మంలో నిలబడి ఆవిడ ఎంత కేకేసినా చెయ్యి వాళ్ళది. బాస్కెట్‌బాల్‌లో ఆ వడ్డించేవాళ్ళ పెద్దని పాయింట్ గార్డ్ అంటారు. తరచు జట్టులో పొట్టివాళ్ళే. బంతి తెచ్చేది, ఎవరికివ్వాలో చూసేది వాళ్ళే. ముప్ఫై సెకన్లలోపల బుట్టకేసి వెయ్యాలి, అంచేత ప్రతిదానికీ కోచ్ మొహం చూస్తూ కూచుంటే కుదరదు. బుట్టకింద కాపు కాసే పొడుగాటి మనిషి సెంటర్. ఒక మనిషికి అయిదు ఫౌళ్ళు పడితే ఇక ఆ రోజు ఆట సరి. మొదట్లోనే రెండు తెచ్చుకున్న మంచి ఆటగాణ్ణి కూచోబెట్టాలా, తెగించి ఆడించాలా? అది కోచ్ తలనొప్పి.

1982 ఫైనల్ తీసుకోండి. నార్త్ కరోలినా, జార్జ్‌టౌన్ జట్లు. అర నిమిషం మిగిలింది. నార్త్ కరోలినా ఒక్క పాయింటు వెనక ఉంది. కోచ్ డీన్ స్మిత్ టైమౌట్ తీసుకుని, అవతలివాళ్ళు లోపల గుమిగూడతారు, బయట ఈ కుర్రాడు ఖాళీగా దొరుకుతాడు అని చెప్పి పంపాడు. అలాగే దొరికాడు, వేశాడు. 63-62. ఆ 19 ఏళ్ళ కుర్రాడే మైకేల్ జోర్డాన్. తెలివి కోచ్‌ది. కాని అంతమంది జనం అరుస్తుంటే చెయ్యి వణక్కుండా వెయ్యడం ఎవరు నేర్పగలరు చెప్పండి?

1993లో దీనికి తలకిందులు. మిషిగన్ జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉండగా, ఇద్దరు చుట్టుముడితే దారిలేక క్రిస్ వెబర్ టైమౌట్ అడిగాడు. వాళ్ళకున్న టైమౌట్లు అప్పటికే అయిపోయాయి! దానికి శిక్ష పడింది, ఆట పోయింది. పాపం, ఆ పేరు ఆ కుర్రాడికే అంటుకుంది. నన్నడిగితే, లెక్క గుర్తుపెట్టుకుని గుర్తుచెయ్యడం బెంచీ మీది పెద్దల పని.

అసలు కోచ్ పని ఆటనాడు తక్కువ, అంతకు ముందే ఎక్కువ. యూసీఎల్ఏలో జాన్ వుడెన్ 1964 నుంచి 1975 లోపల పదిసార్లు జట్టుని గెలిపించాడు. ఆయన ప్రతి ఏడూ మొదటిరోజు నేర్పేది మేజోళ్ళు ముడతలు లేకుండా తొడుక్కోవడం! ముడతపడితే బొబ్బ లేస్తుంది, బొబ్బ లేస్తే ప్రాక్టీసు పోతుంది.

టెన్నెసీలో పాట్ సమిట్ 1974లో, 22 ఏళ్ళకే, అమ్మాయిల జట్టుకి కోచ్ అయింది. తనే వ్యాను నడిపేది, యూనిఫారాలూ తనే ఉతికేది. 38 ఏళ్ళలో 1,098 విజయాలు, 8 ఛాంపియన్‌షిప్పులు. ఆవిడ కోపంగా చూస్తే పిల్లలు హడలిపోయేవారట. అయితే పూర్తికాలం ఆడిన పిల్లలందరిచేతా డిగ్రీ పూర్తి చేయించింది. మతిమరుపు జబ్బు వచ్చినట్టు 2011లో తనే బయటపెట్టింది. 2016లో పోయింది.

కోపమంతా ఒక రకం కాదు. ఇండియానా యూనివర్సిటీలో బాబ్ నైట్ మూడుసార్లు గెలిపించినవాడే. 1985లో ఆట మధ్యలో కుర్చీ విసిరేశాడు. ప్రాక్టీసులో ఒక కుర్రాడి మెడ పట్టుకున్న దృశ్యం 2000లో టీవీలో వచ్చింది. ఆ ఏడే ఆయన్ని తీసేశారు. గెలుస్తున్నాడు కదా అని అన్నేళ్ళు ఊరుకున్నారే, అది నాకు మింగుడుపడదు. స్కాలర్‌షిప్ కోచ్ చేతిలో ఉంటే పిల్లలు నోరెత్తగలరా?

ఇప్పుడా తూకం మారింది. 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరుమీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు, నచ్చకపోతే వేరే కాలేజీకి మారి వెంటనే ఆడొచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బిస్తున్నాయి. ఏటేటా సగం జట్టు మారిపోతోందని కోచ్‌లు గోలపెడుతున్నారు. ఆ గోలలోనూ కొంత నిజం లేకపోలేదు.

ఈసారి మీరు చూసేటప్పుడు టైమౌట్‌లో కోచ్ చిన్న పలకమీద గబగబా గీసేది గమనించండి. విజిలు వెయ్యగానే పిల్లలు అలాగే పరుగెత్తారో లేదో చూడండి. చాలాసార్లు అలా జరగదు. అవతలి కోచ్ కూడా పలకమీద ఏదో గీసే పంపాడు మరి.