పురిటి మంచం పక్కన కుర్చీ

ఇక్కడ కూతురికి నెలలు దగ్గరపడుతుంటే అక్కడ అమ్మ వీసా పనుల్లో పడుతుంది. కాయం దినుసులు, వాము, మెత్తబడిన పాత నూలుచీరలు పెట్టెలో సర్దుకుని సముద్రాలు దాటి వస్తుంది. తీరా నొప్పులు మొదలయ్యాక చాలా ఇళ్లలో ఆమెకు మిగిలేది వంటిల్లే. కానీ నొప్పులు పడుతున్న బిడ్డ పక్కన ఆమె కూర్చోవడం ప్రేమే కాదు, చికిత్సలో భాగం కూడా. నలభై ఏళ్ల పరిశోధన ఈ మాటే చెబుతోంది.

గ్వాటెమాలాలోని ఒక ఆస్పత్రిలో సోసా, కెన్నెల్, క్లౌస్ బృందం చేసిన అధ్యయనం 1980లో వెలువడింది. తొలిచూలు స్త్రీలలో కొందరి పక్కన, వారికి అంతకుముందు పరిచయం లేని ఒక మామూలు స్త్రీని ఉంచారు. ఆమె చేయి పట్టుకుంది, వీపు నిమిరింది, ధైర్యం చెప్పింది. తోడు లేనివారికి కాన్పుకు సగటున 19.3 గంటలు పడితే, తోడున్నవారికి 8.8 గంటలే పట్టింది.

అది చిన్న అధ్యయనం. అందుకే అమెరికాలోని హ్యూస్టన్‌లో 412 మంది తొలిచూలు స్త్రీలతో మళ్లీ పరీక్షించారు. 1991లో వచ్చిన ఫలితాల ప్రకారం, తోడు లేనివారిలో 18 శాతానికి సిజేరియన్ అవసరమైంది. తోడున్నవారిలో అది 8 శాతమే. మూడో బృందంలో ఒక మనిషి మాటా పలుకూ లేకుండా గదిలో ఉండి గమనించింది, అంతే. అక్కడ కూడా 13 శాతానికి తగ్గింది.

2017లో కాక్రేన్ సంస్థ 17 దేశాల్లో, 15 వేలకు పైగా స్త్రీలతో జరిగిన 26 అధ్యయనాలను కలిపి చూసింది. తోడున్నవారిలో సిజేరియన్లు దాదాపు నాలుగోవంతు తగ్గాయి. కాన్పు చేదు జ్ఞాపకంగా మిగిలిందన్నవారూ తగ్గారు. కీడు జరిగిన దాఖలా కనిపించలేదు. భయంతో పెరిగే అడ్రినలిన్ నొప్పుల జోరును తగ్గించగలదని, పక్కన మనిషి ఉంటే ఆ భయం నెమ్మదిస్తుందని పరిశోధకుల వివరణ.

ప్రసవించే స్త్రీ కోరుకున్న మనిషిని పక్కన ఉండనివ్వాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అంతకు రెండేళ్ల ముందే భారత ప్రభుత్వం ప్రభుత్వాసుపత్రుల్లో ఇందుకు అనుమతించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఇందుకు కారణాలు అనేకం, తోడు ఒక్కటే వాటిని తీర్చలేదు. అయినా ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే చికిత్సలు ఎన్ని ఉన్నాయి?

కాబట్టి కానుపుకు ముందే మీ ఆస్పత్రిలో అడగండి: ఎంతమందిని లోపలికి రానిస్తారు? భర్తతో పాటు అమ్మకూ చోటుంటుందా? ఇక సొంతూరి ఆస్పత్రికి విదేశంలోని మన తెలుగు సంఘం సాయం చేయదలిస్తే యంత్రాలతో పాటు ఇంకో రెండు వస్తువులు గుర్తుపెట్టుకుందాం. పక్కపక్కనే మంచాలున్న పురిటి గదిలో చాటు లేకపోతే తోడు మనిషిని రానివ్వడం కష్టం. అందుకే మంచానికో తెర ఇద్దాం. ఆ తెర లోపల, అమ్మ కూర్చోవడానికి ఒక కుర్చీ వేద్దాం.