చోయా పొద కొట్టించే ముందు ఒక్కసారి చూడండి

ఫీనిక్స్ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు పెరట్లో చోయా కాక్టస్ కనిపిస్తే, ముందు దాన్ని తీయించేద్దాం అంటారు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ భయం సహజమే. కానీ ఆ ముళ్లనే కోటగా చేసుకుని బతికే పక్షి ఒకటుంది. పేరు కాక్టస్ రెన్. 1931 నుంచి అరిజోనా రాష్ట్ర పక్షి ఇదే.

గుర్తుపట్టడం తేలికే. పిచ్చుక కన్నా పెద్దది, గోరింక కన్నా కాస్త చిన్నది. గోధుమరంగు ఒళ్లు, కంటిపైన కనుబొమలా తెల్లని చార, రొమ్ము నిండా నల్లని చుక్కలు, రెక్కలకీ తోకకీ అడ్డచారలు. కూత మాత్రం ఎంతకీ స్టార్ట్ కాని పాత స్కూటర్‌లా 'చర్ చర్ చర్' అంటుంది. చోయాలోనే గూడు కట్టే కర్వ్-బిల్డ్ థ్రాషర్ వేరు. దాని కన్ను నారింజ రంగు, గూడు పైకప్పులేని గిన్నెలా ఉంటుంది.

రెన్ గూడు అలా కాదు. గడ్డితో అల్లిన బుట్ట, పక్కనుంచి సొరంగంలాంటి దారి. మా పెరట్లో దాన్ని చూసి మా అమ్మ, "గిజిగాడి గూడే అడ్డంగా పడుకున్నట్టుందిరా" అంది. ఎండాకాలంలో కట్టే గూళ్లకు గాలి వచ్చే వైపు ద్వారం పెడుతుంది. నీటి చుక్క దొరక్కపోయినా పురుగులు, కాక్టస్ పండ్లలోని తేమతోనే నెట్టుకొస్తుంది. పార్క్ చేసిన కార్ల గ్రిల్‌లో చిక్కిన పురుగులనూ ఏరుకుంటుంది.

అసలు సంగతి ఇక్కడుంది. ఈ పక్షి ఒక్క గూటితో సరిపెట్టుకోదు. ఆడది గుడ్లు పొదుగుతుంటే మగది మరోటి కడుతుంది. గుడ్లు లేని గూళ్లలోనూ ఏడాది పొడవునా రాత్రుళ్లు పడుకుంటుంది. కాబట్టి డిసెంబరులో ఖాళీగా కనిపించిన గూడు కూడా పాడుబడ్డదని అనుకోనక్కర్లేదు. గుడ్లో పిల్లలో ఉన్న గూటిని తీసేస్తే 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం ప్రకారం నేరం. ఈ పక్షి వలస వెళ్లకపోయినా ఆ చట్టం దీనికీ వర్తిస్తుంది.

మేం పొదను ఉంచేసి, చుట్టూ పిల్లలు దాటలేని తీగకంచె వేయించాం. నడకదారిలోకి వచ్చిన కొమ్మలను మాత్రం గూళ్లు లేవని చూసుకుని శీతాకాలంలో కత్తిరించాం. ఎప్పుడైనా చోయా ముక్క ఒంటికి అంటుకుంటే చేత్తో లాగకండి, దువ్వెన కిందికి పెట్టి ఎగదోయండి. ఆ దువ్వెన ఒకటి పెరటి తలుపు దగ్గర ఉంచుకుంటే పొదను కొట్టించాల్సిన పని చాలావరకు తప్పుతుంది.