తలుపు మీది అక్షరం

ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో క్వీన్ స్ట్రీట్ మీద, దాని పక్క వీధుల్లో దొరకని తిండి లేదు. కొరియా, మలేషియా, వియత్నాం, టర్కీ, మన దోశ, బిర్యానీ అన్నీ ఉన్నాయి. గుమ్మం దగ్గర మాత్రం అందరికీ ఒకే రకం కార్డు. ఆక్లాండ్ కౌన్సిల్ ఇచ్చే ఫుడ్ గ్రేడ్ అది. ఎ అంటే బాగుంది, బి అంటే ఫరవాలేదు, డి అంటే బాగాలేదు, ఇ అంటే మూసెయ్యాల్సిందే. మధ్యలో సి లేదు. అత్తెసరు మార్కులతో గట్టెక్కే చోటు ఉంచలేదన్నమాట. ఆ కార్డు కనపడేలా పెట్టడం ఓనరు ఇష్టం కాదు, రూలు.

2024లో హైదరాబాద్‌లో టాస్క్‌ఫోర్స్ వాళ్ళు హోటళ్ళు వరసగా తనిఖీ చేసి, ఫొటోలతో సహా ఎక్స్‌లో పెట్టారు. పేరున్న హోటళ్ళ వంటిళ్ళు చూసి అందరం ముక్కున వేలేసుకున్నాం. నాలుగు రోజులు పోయాక ఎవరికి గుర్తుంది? తలుపు మీది అక్షరం అలా కాదు. లోపలికి వెళ్ళే ప్రతివాడికీ, ప్రతిరోజూ చెబుతూనే ఉంటుంది.

దీని వెనకున్న చట్టం 2014 నాటి ఫుడ్ యాక్ట్. 2016 మార్చి 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు 1974 నాటి నిబంధనల్లో గోడలు, నేల, సింకుల లెక్కే ఎక్కువ. ఇప్పుడు వండే పద్ధతి ముఖ్యం. హోటల్ నడిపేవాళ్ళు ప్లాన్ రాసుకోవాలి, దాని ప్రకారం చేస్తున్నట్టు రికార్డులు చూపించాలి. చల్లగా ఉండాల్సింది 5 డిగ్రీల లోపు, వేడిగా ఉండాల్సింది 60 డిగ్రీల పైన. చికెన్ లోపలిదాకా 75 డిగ్రీలు తాకాలి.

మనవాళ్ళ వంటింట్లో చిక్కంతా అన్నంతోనే. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. వండిన గిన్నె గట్టు మీద గంటల తరబడి ఉంటే మళ్ళీ పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. సుషీ అమ్మేవాళ్ళు అన్నంలో వెనిగర్ కలిపి పీహెచ్ 4.6కి మించకుండా చూసుకుంటారు. మన పులిహోరలో చింతపండు చేసేదీ అదే పని. అమ్మమ్మ పులుపుని నాలుకతో చూసుకునేది. తనిఖీకి వచ్చినవాళ్ళు మీటరుతో చూపించమంటారు. ఇందులో చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు.

అయితే ఆ అక్షరం చెప్పని సంగతి ఒకటుంది. లోపల గిన్నెలు తోమే కుర్రాడు ఎన్ని గంటలు నిలబడ్డాడో, జీతం సరిగ్గా అందుతోందో లేదో కార్డు మీద ఉండదు. అది కౌన్సిల్ పని కాదు. పనిచోట ప్రమాదాలు వర్క్‌సేఫ్ చూస్తుంది. జీతం, సెలవులు లేబర్ ఇన్‌స్పెక్టరేట్ చూస్తుంది. 2010లో పైక్ రివర్ గనిలో 29 మంది చనిపోయాక దేశం ఉలిక్కిపడి వర్క్‌సేఫ్‌ని పెట్టుకుంది, 2015లో కొత్త భద్రతా చట్టం చేసుకుంది. ఆ చట్టం హోటల్ వంటింటికీ వర్తిస్తుంది. జారే నేల, కాగే నూనె, కాపలా లేని కత్తి మిషను, అన్నీ దాని కిందికే వస్తాయి.

ఆఫీసులు మూడు. వంటిల్లు మాత్రం ఒకటే. వాంతులు, విరేచనాలు పట్టుకున్నవాడు తగ్గాక కూడా 48 గంటలు తిండి ముట్టుకోకూడదని ఆహార భద్రత నియమం. జీతంతో కూడిన సిక్ లీవు ఏడాదికి 10 రోజులే, అదీ ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకి. కొత్తగా వచ్చినవాడి వీసా ఆ ఓనరు పేరుతోనే ముడిపడి ఉంటుంది. సెలవు అడిగితే జీతం పోతుంది, గట్టిగా అడిగితే ఉద్యోగమే పోతుందేమోనని భయం. వాడు మందుబిళ్ళ వేసుకుని పనిలోకి వస్తాడు. ఉల్లిపాయలు తరుగుతాడు. గుమ్మం మీద ఎ అలాగే ఉంటుంది. వాడి కష్టం, మన కడుపు వేరువేరు సంగతులు కావని అక్కడే తెలుస్తుంది.

దారి లేకపోలేదు. ప్రాణం మీదికొచ్చే పని ఆపేసే హక్కు చట్టంలోనే ఉంది. ఓనరు దోచుకుంటున్నాడని ఫిర్యాదు చేసినవాళ్ళు వేరేచోట పని చేసుకునేందుకు 2021 జులై నుంచి ప్రత్యేక వీసా కూడా ఉంది. ఈ సంగతి తెలియనివాళ్ళు మన కుర్రాళ్ళలో చాలామంది. మీకు తెలిసినవాళ్ళెవరైనా అక్కడి వంటిళ్ళలో ఉంటే ఈ ఒక్క ముక్కా చెవిన వేయండి.