బలమైన గుఱ్ఱమునకు తగిన కళ్లెము

గుఱ్ఱము బలిష్ఠమైనచో కళ్లెము కఠినముగా నుండవలెనని పలువురు తలంతురు. అది సరికాదు. గుఱ్ఱపు నోట ముందుపండ్లకును దవడపండ్లకును నడుమ ఖాళీచోటు గలదు. కళ్లెపు కడ్డీ అచటనే నిలుచును. అచట పలుచని చిగురు క్రిందనే యెముక యుండును. అందుచే చిన్న ఒత్తిడియు దానికి తెలియును.

కళ్లెములు ముఖ్యముగా రెండు విధములు. మొదటిదానియందు వాగెలు కడ్డీ కొనలనున్న ఉంగరములకు కట్టబడును. రౌతు లాగినంత బలమే నోటికి తగులును. రెండవదానియందు కడ్డీకి ఇరుప్రక్కల నిలువు కమ్ములును, గడ్డము క్రింద గొలుసును ఉండును. ఇది మీటవలె పనిచేయును. కమ్మి దిగువభాగము పొడవైనకొలది ఒత్తిడి హెచ్చును.

నొప్పి కలిగిన గుఱ్ఱము నిలువక పాఱిపోజూచును. రౌతు మఱింత లాగును. అది మఱింత పరుగెత్తును. తుదకు నోరు మొద్దుబాఱును. కావున ముందుగా పండ్లలో బాధ గలదేమో, జీను ఒఱయుచున్నదేమో చూడవలెను. పిదప నోటి వెడల్పునకు సరిపడు నున్నని కడ్డీతో మెల్లగా నిలుచుట నేర్పవలెను. మీటకళ్లెము నేర్పరియైన రౌతు చేతికే తగును.

గ్రీకుదేశీయుడగు క్సెనొఫోను క్రీ. పూ. 4వ శతాబ్దమున అశ్వవిద్యపై గ్రంథము రచించెను. రౌతునకు నున్ననిదియు గరుకైనదియు రెండు కళ్లెములుండవలెననియు, గరుకుదానితో నేర్చినది నున్ననిదానితో చేయునపుడు గుఱ్ఱము సంతోషించుననియు అతడు చెప్పెను. అనగా గరుకుది కొంతకాలమునకే, చేరవలసినది నున్ననిదానికే.

బాలబాలికలారా! గుఱ్ఱపు బలమును మన బలముతో గెలువజాలము. పట్టిన వాగెను సకాలమున వదులుట యెఱిగిన చేతికే అది లొంగును.